చిన్న వయసు కుక్కకి షుగర్ ఉందేమోనని అనుమానమా? ఇంట్లో కొలతల నుంచి రక్తపరీక్ష దాకా ఏం చేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగిళ్లలో ఏడాది, రెండేళ్ల కుక్క గిన్నెల కొద్దీ నీళ్లు తాగేస్తుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎండలు అలా ఉన్నాయి కదా అనుకుంటారు. తిన్నది ఒంటికి పట్టకపోతే కడుపులో పురుగులున్నాయని మందు వేస్తారు. చాలాసార్లు ఆ అంచనా నిజమే అవుతుంది. కుక్కల్లో షుగర్ ఎక్కువగా ఏడేళ్లు దాటాకే బయటపడుతుంది. ఏడాది లోపు పిల్లల్లో చాలా అరుదు. అంత అరుదు కాబట్టే ఆ అనుమానం అందరికీ ఆఖరున వస్తుంది, ఆలోగా కుక్క వాంతులు చేసుకుంటూ పడిపోయే స్థితికి చేరుతుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక లీటరు సీసా, బరువు తూచే మిషను, మెడికల్ షాపులో దొరికే మూత్రపు స్ట్రిప్పులు ఉంటే చాలు. "ఎక్కువ తాగుతోంది" అనే మాటకి బదులు "12 కిలోల కుక్క, రోజుకి లీటరున్నర తాగుతోంది" అని డాక్టరుకి చెప్పగలిగితే సగం పని అయినట్టే. అంకెలు తెలుగు డాక్టరుకైనా, ఒడియా డాక్టరుకైనా ఒకేలా అర్థమవుతాయి.

ముందు ఇది చూడండి: కొలతల కోసం ఆగకూడని పరిస్థితి

కొన్నాళ్లుగా నీళ్లు బాగా తాగుతూ, చిక్కిపోతూ వచ్చిన కుక్క ఇప్పుడు ఉన్నట్టుండి తిండి మానేసిందా? వాంతులు చేసుకుంటోందా? లేవలేక పడుకుంటోందా? ఊపిరి లోతుగా, వేగంగా తీస్తోందా? నోటి నుంచి బాగా ముగ్గిన పండులాంటి, లేదా గోళ్లరంగు తుడిచే ద్రవంలాంటి వాసన వస్తోందా? అలాగైతే కొలతలు, స్ట్రిప్పులు అన్నీ పక్కన పెట్టి వెంటనే బయల్దేరండి. ఒంట్లో ఇన్సులిన్ లేక కొవ్వు విపరీతంగా కరిగి, కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోయినప్పుడు ఇలా అవుతుంది. ఇది గంటలు లెక్కపెట్టుకోవాల్సిన స్థితి.

ఇక్కడ మన వైపు జరిగే ఒక పని గురించి గట్టిగా చెప్పాలి. కుక్క నీరసంగా ఉంటే గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి నోట్లో పోస్తాం. మందులు వేసే ఆయన ఇంటికొచ్చి గ్లూకోజ్ సీసా ఎక్కిస్తాడు. షుగర్ ఉన్న కుక్కకి ఇది మంట మీద నూనె పోయడమే. అలాగని నీరసమంతా షుగర్ పెరగడం వల్లే రాదు. మరీ చిన్న పిల్లలు తిండి లేక చక్కెర పడిపోయి కూడా వాలిపోతాయి, వాటికి గ్లూకోజే ప్రాణం నిలబెడుతుంది. అందుకే గ్లూకోజ్ ఎక్కించే ముందు "బాబూ, ఒక్కసారి రక్తంలో షుగర్ చూడండి" అని అడగండి. గ్లూకోమీటరుతో నిమిషం పని. అలా అడగడానికి మొహమాటపడకండి.

మొదటి మెట్టు: తాగే నీళ్లు కొలవడం

అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పేది ఇదే. దీన్ని మూడు రోజులు ఓపికగా చేయండి.

పొద్దున్న ఒక సమయం పెట్టుకోండి, ఆరు గంటలు అనుకుందాం. లీటరు సీసాతో కొలిచి గిన్నెలో నీళ్లు పోయండి. రోజంతా ఎన్నిసార్లు పోసినా సీసాతోనే పోసి, కాగితం మీద రాయండి. మర్నాడు ఆరింటికి గిన్నెలో మిగిలింది కొలిచి, పోసిన మొత్తంలోంచి తీసేయండి. మూడు రోజుల లెక్కని సగటు తీయండి.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చూసుకోవాలి. మే నెల ఎండకి గిన్నెలో నీళ్లు ఆవిరైపోతాయి. అందుకే అలాంటిదే ఇంకో గిన్నె కుక్కకి అందని చోట, అదే వేడిలో పెట్టి అందులో ఎంత తగ్గిందో అంత తీసేయాలి. ఇంట్లో రెండు కుక్కలుంటే ఆ మూడు రోజులూ వేరుగా ఉంచాలి. వీధిలోకి వెళ్లే కుక్క కాలవలోనో కుళాయి దగ్గరో తాగేస్తుంది కాబట్టి ఆవరణ దాటనివ్వకూడదు. గంజి, చోడి అంబలి, పఖాళ లాంటి చద్దన్నం పెట్టే ఇళ్లలో అందులోని నీళ్లు కూడా లెక్కలోకి రావాలి. అలాంటి తిండి తినే కుక్క గిన్నెలో తక్కువ తాగినా మూత్రం ఎక్కువే పోస్తుంది. ఎండు నెత్తళ్లు పెట్టిన రోజు ఉప్పుకి దాహం పెరుగుతుంది కాబట్టి ఈ మూడు రోజులూ ఎండు చేపలు ఆపండి.

ఇక అంకెలు. మామూలు కుక్క కిలో బరువుకి రోజుకి సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది. కిలోకి 100 మిల్లీలీటర్లు దాటితే అది లెక్కప్రకారం అతిదాహం. అంటే 6 కిలోల పామేరియన్ 600 మిల్లీలీటర్లు, 12 కిలోల ఊరకుక్క లీటరూ రెండు వందలు, 25 కిలోల లాబ్రడార్ రెండున్నర లీటర్లు దాటి తాగుతుంటే ఆలోచించాలి. విపరీతమైన ఎండ ఉన్న రోజుల్లోనూ, బాగా పరుగెత్తి ఆడే కుక్కల్లోనూ, ఎదిగే పిల్లల్లోనూ కొంత ఎక్కువ ఉంటుంది. అలాంటి కుక్క రాత్రి చల్లబడ్డాక తాగడం తగ్గిస్తుంది. జబ్బు దాహం అలా కాదు, అర్ధరాత్రి కూడా లేచి తాగిస్తుంది. వాన పడి చల్లబడిన రోజున లెక్క తగ్గిందా లేదా చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఒక్క మాట ఎప్పుడూ గుర్తుంచుకోండి. ఇంట్లో మూత్రం పోస్తోందని నీళ్ల గిన్నె తీసేయకండి. షుగర్‌లో ముందు మూత్రం పెరుగుతుంది, ఆ పోయిన నీళ్లు భర్తీ చేసుకోవడానికే కుక్క తాగుతుంది. నీళ్లు ఆపితే మూత్రం ఆగదు, కుక్క ఒంట్లో నీరు ఇంకిపోతుంది.

రెండో మెట్టు: మూత్రం, చీమలు

రక్తంలో చక్కెర డెసిలీటరుకి సుమారు 180 నుంచి 220 మిల్లీగ్రాములు దాటిందంటే కుక్క మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు. చక్కెర మూత్రంలోకి జారి, తనతో నీళ్లని కూడా లాక్కుపోతుంది. అందుకే ఒక్కో విడతా చాలా ఎక్కువ పోస్తుంది, రాత్రి లేపుతుంది, అలవాటైన కుక్క కూడా ఇంట్లో పోసేస్తుంది. బతిమాలినట్టు చుక్కచుక్కగా పోస్తూ ముక్కుతుంటే అది వేరు, మూత్రసంచి వాపు కావచ్చు. ఈ రెండూ కలిసి కూడా ఉండొచ్చు, ఎందుకంటే తీపి మూత్రంలో సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి. చిన్న వయసు కుక్కకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ తిరగబెడుతుంటే షుగర్ పరీక్ష అడగడం న్యాయమే.

కుక్క పోసిన చోట చీమలు పడుతున్నాయని పెద్దవాళ్లు చెబితే కొట్టిపారేయకండి. నేను దాన్ని అనుమానంగా తీసుకుంటాను గానీ రుజువుగా తీసుకోను. చీమలు లేకపోయినా షుగర్ ఉండొచ్చు, అక్కడ ఇంకేదో ఒలికినా చీమలు రావొచ్చు. స్ట్రిప్పు వేసి చూడడానికి ఆ సంగతి చాలు.

మూడో మెట్టు: బరువు, ఆకలి

కుక్కని ఎత్తుకుని మిషను ఎక్కండి, తరవాత మీరొక్కరే ఎక్కండి, తేడా తీయండి. ఎత్తలేనంత పెద్ద కుక్కయితే ధాన్యం, జీడిపిక్కలు తూచే పెద్ద కాటా ఉన్న కొట్టుకి తీసుకెళ్లండి. వారానికోసారి, ఒకే మిషను మీద, పొద్దున్న తిండికి ముందు. ఏడాది దాటిన కుక్క పదో వంతు బరువు తగ్గితే అది పెద్ద తగ్గుదలే. ఎదిగే పిల్ల అయితే బరువు తగ్గక్కర్లేదు, పెరగకపోవడమే లక్షణం. దాని తోబుట్టువులు పక్కింట్లోనో చుట్టాలింట్లోనో ఉంటే పక్కన నిలబెట్టి చూడండి. ఒకే ఈత పిల్లల్లో ఒక్కటే గిడసబారిపోయి, అన్నిటికంటే ఎక్కువ తింటుంటే కారణం వెతకాల్సిందే.

షుగర్‌లో ఆకలి మొదట పెరుగుతుంది. ఇన్సులిన్ లేక కణాల్లోకి చక్కెర వెళ్లదు, తిన్నా ఒళ్లు ఆకలితోనే ఉంటుంది. వెన్నుపూసలు చేతికి తగులుతాయి, తొడల కండ కరుగుతుంది. తిండి దొంగిలించని కుక్క కూడా వంటింట్లోకి దూరుతుంది. దాన్ని కొట్టకండి.

నాలుగో మెట్టు: కళ్లు

మసక వెలుతురులో పక్క నుంచి ఫోను లైటు వేసి కంటిపాప చూడండి. నల్లగా ఉండాల్సిన పాప లోపల తెల్లటి, నీలితెలుపు మబ్బు కనిపిస్తే శుక్లం. షుగర్ ఉన్న కుక్కల్లో ఇది చాలా వేగంగా వస్తుంది, కొన్నిసార్లు కొద్ది రోజుల్లోనే రెండు కళ్లూ కమ్ముతాయి. చీకటిపడ్డాక మెట్లు తప్పడం, విసిరిన ముక్క కనిపెట్టలేకపోవడం ముందుగా తెలుస్తాయి. పుట్టుకతో శుక్లాలు వచ్చే కుక్కలూ ఉన్నాయి. కంటి పైపొర తెల్లబడడానికి పిడుదుల జ్వరం లాంటి కారణాలూ ఉన్నాయి. ఏదైనా సరే, వారం వారం ఫొటో తీసి ఉంచండి.

ఐదో మెట్టు: షుగర్ కానివి ముందు జల్లెడ పట్టండి

చిన్న వయసు కుక్క విషయంలో నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. ఎందుకంటే ఈ లక్షణాలే చూపించే వేరే కారణాలు షుగర్ కంటే ఎక్కువగా కనిపిస్తాయి, కొన్ని దానికంటే తొందరగా ప్రాణం తీస్తాయి.

మొదట మందుల చీటీ వెతకండి. దురదకని గత నెలలో ప్రెడ్నిసోలోన్ మాత్రలు గానీ, డెక్సామెథాసోన్ లాంటి ఇంజెక్షను గానీ ఇచ్చారా? ఈ స్టెరాయిడ్లు దాహం, ఆకలి, మూత్రం మూడూ పెంచేస్తాయి. మన వైపు కుక్కలకి పిడుదులు, చర్మం దురద ఎక్కువ కాబట్టి ఈ ఇంజెక్షన్లూ ఎక్కువే. షుగర్ వచ్చే తీరు ఉన్న కుక్కలో దాన్ని బయటపెట్టేదీ ఇవే కావచ్చు. చాలా రోజులుగా వాడుతుంటే మీ అంతట మీరు టక్కున ఆపకండి, డాక్టరుతో చెప్పి తగ్గించుకుంటూ రండి.

ఆడకుక్క అయితే చివరిసారి ఎదకొచ్చింది ఎప్పుడో గుర్తు చేసుకోండి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గర్భసంచిలో చీము పట్టొచ్చు. అప్పుడూ నీళ్లు బాగా తాగుతుంది, మూత్రం బాగా పోస్తుంది. కింద నుంచి చీము కారొచ్చు. మూసుకుపోతే చుక్క కూడా కనపడకుండా పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఇది అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఎద తరవాత పెరిగే ప్రొజెస్టిరోన్ హార్మోను ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. అలా షుగర్ వచ్చిన ఆడకుక్కకి తొందరగా అండాశయాలు, గర్భసంచి తీసే ఆపరేషన్ చేస్తే కొన్నిటికి షుగర్ తగ్గిపోతుంది కూడా. అందుకే ఎద తేదీ డాక్టరుకి తప్పక చెప్పాలి.

జర్మన్ షెపర్డ్ ఒకటి నుంచి నాలుగేళ్ల వయసులో విపరీతంగా తింటూ అస్థిపంజరంలా తయారైతే మలం చూడండి. కుప్పలు కుప్పలుగా, లేత రంగులో, జిడ్డుగా ఉంటే క్లోమం జీర్ణరసాలు చేయడం మానేసి ఉండొచ్చు. ఆ జబ్బులో దాహం మామూలుగా పెరగదు. పేగు పురుగుల్లోనూ అంతే, చిక్కిపోతుంది గానీ నీళ్ల లెక్క మామూలుగానే ఉంటుంది. మొదటి మెట్టు లెక్క ఇక్కడే అక్కరకొస్తుంది.

పుట్టుకతో ఎదగని మూత్రపిండాలు, కాలేయ లోపాలు కూడా చిన్న కుక్కల్లో దాహం పెంచుతాయి. వీటిని ఇంట్లో తేల్చలేం, రక్తపరీక్షలో తెలుస్తాయి.

ఆరో మెట్టు: మూత్రపు స్ట్రిప్పు

మనుషులకి వాడే, గ్లూకోజ్, కీటోన్ రెండూ చూపించే స్ట్రిప్పుల డబ్బా కొనండి. గడువు తేదీ చూడండి. మన తీరం వైపు తేమకి స్ట్రిప్పులు పాడవుతాయి, మూత వెంటనే బిగించాలి.

మూత్రం నేల మీద నుంచి ఎత్తితే కుదరదు. కర్రకి శుభ్రమైన చిన్న గిన్నె కట్టి, పోస్తున్నప్పుడు మధ్యలో పట్టండి. ఆడకుక్కకి లోతులేని పళ్లెం వెనక నుంచి జరపాలి. మిఠాయి డబ్బా వాడకండి. బ్లీచింగ్ వేసి కడిగిన గిన్నె కూడా వద్దు, దానివల్ల చక్కెర లేకపోయినా రంగు మారొచ్చు. విటమిన్ సి ఇస్తుంటే ఉన్న చక్కెర కనపడకపోవచ్చు. చేతికి గ్లౌజు గానీ ప్లాస్టిక్ కవరు గానీ వేసుకోండి. వానాకాలంలో ఎలుకల నుంచి కుక్కలకి వచ్చే లెప్టో జబ్బు మూత్రం ద్వారా మనుషులకీ అంటుకుంటుంది.

స్ట్రిప్పు ముంచి, డబ్బా మీద రాసిన సెకన్లకే రంగు పోల్చండి. ఆలస్యం చేస్తే రంగు ముదురుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క మూత్రంలో చక్కెర కనపడకూడదు. చక్కెర కనిపిస్తే ఆ రోజో మర్నాడో డాక్టరు దగ్గరికి వెళ్లండి. చక్కెరతో పాటు కీటోన్ కూడా కనిపిస్తే అప్పుడే బయల్దేరండి. రెండూ లేకపోయినా దాహం తగ్గకపోతే, షుగర్ కాదని ఊరుకోకుండా వేరే కారణం వెతికించాలి.

మూత్రంలో చక్కెర ఉన్నంత మాత్రాన షుగర్ వ్యాధి అని తేల్చేయలేం. మూత్రపిండపు గొట్టాలు దెబ్బతిన్నా, లెప్టో వచ్చినా, రక్తంలో చక్కెర మామూలుగా ఉండగానే మూత్రంలోకి జారుతుంది. అందుకే రక్తం చూడాలి.

ఏడో మెట్టు: రక్తపరీక్ష, ఎక్కడికి వెళ్లాలి

బ్లాకు పశువుల ఆసుపత్రిలో డాక్టరు గ్లూకోమీటరుతో చెవి అంచు నుంచి ఒక చుక్క తీసి చూడగలరు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి పరగడుపున సుమారు 70 నుంచి 120 ఉంటుంది. అయితే మనుషుల గ్లూకోమీటరు కుక్క రక్తంలో ఉన్నదానికంటే కాస్త తక్కువ చూపించడం మామూలు. దానికి విరుద్ధంగా, రక్తం తక్కువగా ఉన్న కుక్కలో ఎక్కువ చూపిస్తుంది. పిడుదుల జ్వరంతో రక్తహీనత వచ్చిన కుక్కలు మన వైపు చాలా ఉన్నాయి. చిగుళ్లు పాలిపోయి ఉంటే మీటరు అంకె ఒక్కటే నమ్మి ఇన్సులిన్ మొదలుపెట్టకూడదు, ల్యాబులో సరిచూడాలి.

ల్యాబుకి పంపేటప్పుడు ఇంకో సంగతి. ఎర్ర కణాలు సీసాలో ఉండి కూడా చక్కెర తినేస్తూనే ఉంటాయి. గుణుపురంలో తీసిన రక్తం మధ్యాహ్నానికి బరంపురం చేరేలోపు అంకె పడిపోతుంది. చక్కెర పరీక్షకి బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ గొట్టంలో పోయించండి. వీలైతే ఫ్రక్టోసమైన్ పరీక్ష అడగండి. అది వెనకటి రెండు మూడు వారాల సగటు చెబుతుంది, ఆసుపత్రి భయానికి ఆ పూట పెరిగిన చక్కెరని చూసి మోసపోం.

స్థానికంగా తేలకపోతే పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, రాయగడ వాళ్లకి పార్వతీపురం మీదుగా విజయనగరం దారి ఉంది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. బరంపురం వైపు వాళ్లకి భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాల ఉంది. జయపురం, కొరాపుట్ వాళ్లు విశాఖ వెళ్లడం మామూలే. వెళ్లేటప్పుడు నీళ్ల లెక్క, బరువుల కాగితం, కంటి ఫొటోలు, మందుల చీటీలు, స్ట్రిప్పు రంగు ఫొటో, ఆడకుక్కయితే ఎద తేదీ పట్టుకెళ్లండి. దారిలో తాగడానికి నీళ్లు మర్చిపోకండి.

తేలాక మీరే తప్పు చేశామని కుమిలిపోకండి

"పండక్కి రసగుల్లాలు పెట్టాం, అందుకే వచ్చింది" అని ఏడ్చేవాళ్లుంటారు. మిఠాయిలు కుక్కకి మంచివి కావు, కొవ్వు పెంచుతాయి. కానీ చిన్న వయసు కుక్కలో షుగర్ సాధారణంగా ఇన్సులిన్ చేసే కణాలే నశించిపోవడం వల్ల, లేదా పుట్టుకతో సరిగా ఏర్పడకపోవడం వల్ల వస్తుంది. కీస్‌హాండ్ అనే జాతిలో అది వంశపారంపర్యంగా కూడా కనిపించింది. మీరు పెట్టిన ఒక మిఠాయి దాన్ని తేలేదు.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు దీనికి పనికిరావు. మెంతి పొడి, కాకరరసం, నేరేడు గింజల పొడితో వారాలు గడిపేయొద్దు. మనుషుల కోసం చక్కెర లేకుండా చేసిన బిళ్లలు, బబుల్‌గమ్ అసలే వద్దు. వాటిలో ఉండే జైలిటాల్ కుక్కకి విషం. షుగర్ వచ్చిన కుక్కకి కావలసింది ఇన్సులిన్, ఎక్కువగా పన్నెండు గంటలకోసారి, తిండితో పాటు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ని మొదట పరీక్షించింది కుక్కల మీదే. ఆ మందు మనింటి కుక్కకి అందించడం మన బాధ్యత అనిపిస్తుంది నాకు.

ఇన్సులిన్ కొనేటప్పుడు సీసా మీద 40 అని ఉందో 100 అని ఉందో చూసి, అదే అంకె ఉన్న సిరంజి తీసుకోండి. మన మెడికల్ షాపుల్లో రెండూ దొరుకుతాయి. అవి తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు మారిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టండి, ఐసు కట్టే అరలో మాత్రం పెట్టకండి. తినని పూట మోతాదు ఎంతో ముందే డాక్టరుని అడిగి రాసి ఉంచుకోండి. సూది వేశాక కుక్క తూలుతూ, వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తుంటే చక్కెర పడిపోయిందని అర్థం. అప్పుడు మాత్రం తేనె గానీ చిక్కటి చక్కెర పాకం గానీ చిగుళ్లకి రాసి, మింగగలిగితే కాస్త తిండి పెట్టి, డాక్టరుకి ఫోన్ చేయండి.